ఎలుగుబంటి గోళ్ల కొలత

జంతువుల బొమ్మల పుస్తకాలు తయారుచేసే పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు అప్పుడప్పుడూ నాకు ఫోన్ చేస్తుంటారు. ఏ కాగితం మంచిది, బొచ్చు గీయడానికి ఎన్నో నంబరు బ్రష్షు, మీ రోజుల్లో ట్యాబ్ లేకుండా ఎలా గీసేవారండీ అని అడుగుతారు. కాగితం సంగతి షాపువాడు నాకన్నా బాగా చెప్తాడు. నేను చెప్పాల్సింది వేరే ఉంది. అది ఫోన్లో చెప్పలేను, అందుకని రాస్తున్నాను.

నేను ముప్పై ఏళ్లు క్షీరదాల పుస్తకాలకు బొమ్మలు గీశాను, బొమ్మ పక్కన నాలుగు మాటలూ రాశాను. పిల్లలకూ పెద్దలకూ కలిపి వేసే పుస్తకాలవి. ఏ జంతువు ఎలా ఉంటుంది, ఏం తింటుంది, అడుగు ఎలా పడుతుంది, ఇవే అందులో ఉండేవి. పులి పేజీ ఎవరైనా గీస్తారు. ముంగిస పేజీకి వచ్చేసరికి గీసేవాడి సత్తా తెలిసిపోతుంది. నన్నడిగితే ఈ పనిలో ప్రతిభకన్నా భయం ఎక్కువ ఉండాలి. నాకు ఆ భయం ఆలస్యంగా వచ్చింది.

సర్వే ఆఫీసులో నేర్చుకున్నది

మా నాన్న కృష్ణా జిల్లా నుంచి బొగ్గు గనిలో గుమస్తాగా వచ్చాడు. నేను గోదావరిఖని క్వార్టర్లలోనే పుట్టి పెరిగాను. ఇంట్లో ఒక తెలుగు, గడప దాటితే ఇంకో తెలుగు. ఇంటర్ అయ్యాక సర్వే ఆఫీసులో ట్రేసర్‌గా చేరాను. భూమి కింద బొగ్గు ఎక్కడిదాకా తవ్వారో నక్షాలో గీసి పెట్టే పని అది.

అక్కడ మా పెద్దాయన సర్వేయర్ వెంకటరత్నం గారు. మనిషి చూడ్డానికి బక్కపల్చన, కోపం మాత్రం బండెడు. ఆయన దగ్గర రెండు నియమాలుండేవి. కొలిచేవాడు అంకెను గట్టిగా చదవాలి, రాసేవాడు అదే అంకెను పైకి పలికి అప్పుడు రాయాలి. ఇదొకటి. రెండోది, చూసి కొలిచినంతవరకే నిండు గీత గీయాలి. చూడనిచోట చుక్కల గీత పెట్టాలి.

ఒకసారి ఒక మూల చుక్కల గీత అందంగా లేదని నేను దాన్ని నిండు గీత చేశాను. ఆయన చూశాడు.

"అక్కడికి నువ్వు వెళ్లావా?" అన్నాడు.

"లేదండీ. కానీ అటు తిన్నగానే పోతుంది కదా అని..."

"ఆ పక్కన పాత గని ఉంది. దాన్నిండా నీళ్లున్నాయి. నీ గీత నమ్మి రేపు ఫస్టు షిఫ్టు వాడు అక్కడ కన్నం వేస్తాడు. వాడికి నీ ముఖం తెలీదు. నీ గీతే తెలుసు."

ఆ షీటంతా మళ్లీ మొదటి నుంచి గీయించాడు. రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఆయన్ని లోపల్లోపల తిట్టుకున్నాను. ఇప్పుడాయన లేడు. ఉంటే ఈ రాతప్రతి ముందు ఆయనకే చూపించేవాణ్ణి.

పుస్తకాల పని

ఆఫీసులో ఖాళీ దొరికితే పాత ట్రేసింగు కాగితాల వెనక ఉడుతల్నీ కొండముచ్చుల్నీ గీస్తుండేవాణ్ణి. అవి ఎవరి ద్వారానో హైదరాబాదులో ఒక ప్రచురణ సంస్థకు చేరాయి. అక్కడి సంపాదకురాలు సుశీల గారు ఉత్తరం రాశారు. కొన్నాళ్లకు కంపెనీ పని మానేసి పూర్తిగా ఇటు వచ్చేశాను. ఊరు మాత్రం మారలేదు. గోదావరిఖనిలోనే కూర్చుని గీసి, గొట్టంలో చుట్టి బస్సు పార్సిల్లో పంపేవాణ్ణి.

సుశీల గారు మంచి మనిషి. చదివే పిల్లవాడు పక్కనే కూర్చున్నట్టు ఆలోచించేది. గబ్బిలం పేజీలో తల్లి గబ్బిలం రొమ్ముకు పిల్ల కరుచుకుని ఉన్నట్టు గీయమంది ఆవిడే. "ఇది పిట్ట కాదు, పాలిచ్చే జంతువు అని పది వాక్యాలు రాసేకన్నా అదొక్కటి చూపించండి" అంది. కుందేలు పేజీలో మా వైపు దాన్ని చెవులపిల్లి అంటారని రాస్తే కొట్టెయ్యకుండా పైకి జరిపి పెద్ద అక్షరాల్లో వేసింది.

ఒక్క విషయంలో మాత్రం ఇద్దరం గొడవపడ్డాం. జంతువుల అడుగుల గుర్తులు వేసే పేజీలో అసలు సైజు ఎంతో తెలిసేలా ప్రతి గుర్తు కింద కొలబద్ద వేయాలని నేను, అక్కర్లేదని ఆవిడ. అన్నీ ఒకే సైజు గళ్లలో అమరితే పేజీ ముచ్చటగా ఉంటుందని ఆవిడ వాదన. "కొలబద్ద లేని నక్షా నక్షా కాదండీ" అంటే, "తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటారు మీరు. ఇది గని నక్షా కాదు, పిల్లల పుస్తకం" అని నవ్వేసింది. నేను ఊరుకున్నాను. ఎందుకు ఊరుకున్నానంటే, ఆ పేజీ నిజంగానే ముచ్చటగా ఉంది. ఎలుగుబంటి అడుగూ ఏదుపంది అడుగూ పక్కపక్క గళ్లలో ఒకే పరిమాణంలో కూర్చున్నాయి.

ఆడించే ఎలుగుబంటి

ఎలుగుబంటి బొమ్మ గురించి నాకు చాలా గర్వం ఉండేది. మిగతావాళ్లు ఫొటోలు చూసి గీస్తే నేను ప్రాణమున్న ఎలుగును చేత్తో తాకి గీశాను మరి. ఎలుగును ఆడించేవాళ్లు అప్పట్లో మా కాలనీకి వస్తుండేవారు. పిల్లల్ని దాని వీపు మీద కూర్చోబెడితే జడుపు పోతుందని తల్లులు క్యూ కట్టేవారు. దాని వెంట్రుక తాయెత్తులో పెట్టి కట్టేవారు. చిన్నప్పుడు నేనూ ఎక్కినవాణ్ణే.

పుస్తకం పని మొదలయ్యాక అలాంటి ఒకతను దొరికితే బతిమాలి ఇంటిముందు కూర్చోబెట్టాను. మా ఆవిడ ఎలుగుకు జావ కాచి పోసింది. అతను తాడు పట్టుకుంటే నేను స్టీలు స్కేలుతో పాదం వెడల్పు, వేలికీ వేలికీ ఎడం, గోరు పొడవు అన్నీ కొలిచాను. అంకె పైకి చదివి, మళ్లీ పలికి రాసుకున్నాను. గోరు అంగుళం కూడా లేదు, మొన మొద్దుగా ఉంది. అలాగే గీశాను. అడుగు గుర్తులో కూడా గోళ్లను వేళ్లకు ఆనుకుని చిన్న గాట్లుగానే పెట్టాను. అన్నీ నిండు గీతలే. చుక్కల గీత పెట్టాల్సిన అవసరం నాకెక్కడా కనిపించలేదు.

ఓదెలన్న

ఓదెలు మా కాలనీవాడు. నాకన్నా రెండేళ్లు పెద్ద. వాళ్లది పొలం పనులు చేసుకుంటూ గనిలోకి వచ్చిన కుటుంబం, అతను ఓపెన్‌కాస్టు గనిలో డంపరు నడిపేవాడు. నా పుస్తకం అచ్చయితే మొదటి కాపీ అతనికే ఇచ్చేవాణ్ణి. దాన్ని సంచిలో పెట్టుకుని తిరిగేవాడు, షేర్ ఆటోలో పక్కనోళ్లకు చూపించేవాడు. "మా తమ్ముడు గీసిండు. కొలవంది గీత గియ్యడు" అని చెప్పేవాడు. నా ఎదుటే చెప్తే సిగ్గుపడేవాణ్ణి, అయినా వినాలనే ఉండేది.

అతని భార్య కొమురమ్మ. నేను వదినె అంటాను, నన్నామె మర్దీ అంటుంది. ఆమె పుట్టిల్లు కాసిపేట వైపు ఒక ఊరు. బొగ్గు మీది మట్టి తీసి పోయగా లేచిన గుట్టలు ఆ ఊరి వెనకనే ఉన్నాయి. ఏళ్లు గడిచి వాటి మీద పొదలు పెరిగాయి. జంతువులు వాటినే అడవి అనుకుని చేరాయి. వాటి దిగువన చేన్ల గట్ల మీద ఇప్పచెట్లున్నాయి. ఎండాకాలం మొదట్లో తెల్లారేసరికి పువ్వు రాలి ఉంటుంది, ఆడవాళ్లు గంపలతో వెళ్లి ఏరుకుంటారు.

ఎలుగుబంటి పేజీ ఉన్న పుస్తకం అచ్చయిన ఏడు ఇద్దరూ నాలుగు రోజులకని అక్కడికి వెళ్లారు. ఇప్పచెట్టు కింద దుమ్ములో ఏవో అడుగులు కనిపించాయి. కొమురమ్మ తల్లి చూసి, "గుడ్డెలుగు తిరుగుతాంది బిడ్డా, రేపు పోకు" అంది. మా వైపు ఎలుగుబంటిని అలాగే అంటారు.

ఓదెలు సంచిలోంచి పుస్తకం తీశాడు. దుమ్ములోని గుర్తుకు గోళ్లు వేళ్లకు చాలా ముందు పడి ఉన్నాయి. పుస్తకంలో ఎలుగు గోళ్లు పొట్టివి, పక్క గడిలో ఏదుపంది గోళ్లు అంతకన్నా పొడుగ్గా ఉన్నాయి.

"ఇది ఏదుపందిది అత్తా," అన్నాడు. "చూడు, గుడ్డెలుగు గోర్లు గింతనే ఉంటయట."

"నా ఎరుకల గంత పెద్ద ఏదుపందిని చూడలే బిడ్డా."

"పుస్తకం అబద్ధం చెప్పదే. మా తమ్ముడు స్కేలు పెట్టి కొలిచిండు."

మర్నాడు తెల్లవారుజామున కొమురమ్మ గంప పట్టుకుని వెళ్లింది. చెట్టు కింద ఎలుగుబంటి ఉంది.

దవాఖానలో

ప్రాణం దక్కింది. ఎడమ కన్ను పోయింది, ఆ పక్క చెంప చీరుకుపోయింది. నేను దవాఖానకు వెళ్లేసరికి ఓదెలు వరండాలో కింద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు. సంచిలోంచి నా పుస్తకమే తీసి ఆ పేజీ తిప్పాడు.

"నాకు చదువస్తదా తమ్మీ, నేనే తప్పు చూసిన. ఒక్కపారి చెప్పు. నేను యాడ తప్పు చూసిన్నో చెప్పు."

నేను చూశాను. అతను చెప్పిన గుర్తుతో పేజీని పోల్చి చూశాను. అతను తప్పు చూడలేదు. నా పేజీ ప్రకారం అది ఏదుపందిదే.

అంతలో వాంగ్మూలం రాసుకోవడానికి ఫారెస్టు మనిషి వచ్చాడు. అతన్ని పక్కకు తీసుకెళ్లి ఎలుగు గోళ్ల గురించి అడిగాను. అతను తన చూపుడువేలు చాపి చూపించాడు.

"గింత ఉంటయ్ సార్, చీమల పుట్టలు తవ్వి తింటది గద. పొట్టి గోర్లు మీరెక్కడ చూసిన్రు? ఆడిచ్చేటోళ్ల దగ్గరనా? వాళ్లు పిల్లప్పుడే గోర్లు కోస్తరు, పండ్లు పీకుతరు. అది ఎలుగే గాని, దాంట్ల సగం యాడుంటది?"

నాకు జావ తాగిన ఎలుగు గుర్తొచ్చింది. ఎంత మెత్తగా తాగుతోందో అని మా ఆవిడ మురిసిపోయింది. దానికి పళ్లు లేవు. నా కొలతలో తప్పు లేదు. కొలిచిన ఎలుగునే మనుషులు ముందే కోసేశారు, నేను ఆ మాట అడగలేదు. నా ముందుకు రాకముందు దీనికి ఎవరేం చేశారని అడగకపోతే ఎంత కొలిచినా లాభం లేదు. కొత్తగా వచ్చే వాళ్లకు ఫోన్లో చెప్పలేకపోయేది ఇదే.

వరండాలోకి తిరిగొచ్చాను. ఓదెలు ఇంకా పేజీ తెరిచే పట్టుకుని ఉన్నాడు. చెప్పాల్సింది అప్పుడే. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడి, "తర్వాత మాట్లాడుకుందాం అన్నా" అన్నాను. నా జీవితంలో నేను సిగ్గుపడే మాటలు కొన్ని ఉన్నాయి, అందులో ఇది మొదటిది.

మూడు నెలలు

సుశీల గారికి మాత్రం ఆ వారమే చెప్పాను. ఆవిడ అంతా వింది. తర్వాత, "కొలబద్ద తీసేయించింది నేను" అంది. గోదాములో ఉన్న ప్రతి కాపీలో తప్పు పేజీ మీద ఎర్ర గీత కొట్టి, సరైన సంగతి రాసిన చీటీ అంటించాం. ఆవిడ కూడా నాతోపాటు కింద కూర్చుని అంటించింది. అమ్ముడుపోయిన కాపీలకు పత్రికలో సవరణ వేయించింది. తప్పు తనమీద వేసుకునే పెద్దవాళ్లు దొరకడం అదృష్టం, దొరికితే వదులుకోకండి.

హైదరాబాదుకు చెప్పగలిగినవాణ్ణి నాలుగిళ్ల అవతలికి చెప్పలేకపోయాను. కొమురమ్మ దవాఖాన నుంచి ఇంటికి వచ్చింది. ఓదెలు ఇంకొకరి డ్యూటీ కూడా తనే చేస్తూ ఇంటిపట్టున లేకుండా తిరుగుతున్నాడు. ఎదురుపడితే "బాగున్నవా తమ్మీ" అని తల దించుకుని పోతున్నాడు.

ఒకరోజు మా ఆవిడ వాళ్లింటికి వెళ్లి వచ్చి చెప్పులు కూడా విడవకుండా నా బల్ల దగ్గర నిలబడింది.

"మీ వదిన ఏమందో తెలుసా? కన్ను పోతె పోయింది, ఆయన నా మొకం చూస్తలేడు అంది. అన్నం పెడితే గోడ వైపు తిరిగి తింటున్నాడట. నేనే పంపిన, నేనే చంపబోయిన అని రోజూ అదే మాటట. మీ పుస్తకం సంగతి ఆయనకు చెప్పారా, లేదా?"

"చెప్తాలే," అన్నాను విసుగ్గా.

"ఎప్పుడు? ఆయన పిచ్చివాడయ్యాకనా?"

నాకు కోపం వచ్చింది. కోపం వచ్చిందంటే ఆమె మాట నిజమని అర్థం, మా ఇంట్లో అది మామూలే.

కొలత

ఆదివారం పొద్దున కొత్తగా గీసిన పెన్సిలు బొమ్మ, పాత కొలతల పుస్తకం, స్టీలు స్కేలు తీసుకుని వెళ్లాను. ఓదెలు మంచం చివర వాకిలి వైపు తిరిగి కూర్చున్నాడు. కొమురమ్మ కొంగు ఎడమ చెంప మీదికి లాక్కుని కింద కూర్చుంది.

మొత్తం చెప్పాను. కోసిన గోళ్లు, నేను కొలిచిన తీరు, అంకె రాసిన పేజీ, అన్నీ.

ఓదెలు అడిగాడు. "అంటె నేను సరిగ్గనే చూసిన్నా?"

"సరిగ్గానే చూశావన్నా. గీసిందే తప్పు."

"గా దినం దవాఖానల నీకు ఎరుకనా?"

"ఎరుకే."

"మూడు నెల్లు." నా వైపు తిరిగాడు. "మూడు నెల్లు నేను అన్నం తిన్ననా, మన్ను తిన్ననా నాకే తెల్వదు. ఎట్ల ఊకున్నవ్ తమ్మీ?"

భయపడ్డాను అన్నాను. అతను లేచి బయటికి పోబోయాడు.

"కూసో," అంది కొమురమ్మ. "తిట్టేదుంటె కూసోని తిట్టు. మర్దీ, గా బొమ్మ ఇటు తే."

కుడికన్ను దగ్గరగా పెట్టుకుని చూసింది. నేనా ఎలుగును కోరలు బయటపెట్టి, కళ్లెర్రజేసి, మీదపడుతున్నట్టు గీశాను. అంత కోపంగా ఎందుకు గీశానో నాకు తెలుసు. నా తప్పు దాని ముఖం మీదికి నెట్టాను.

"గిట్ల లేకుండె అది," అంది. "దీన్ని రాచ్చసి లెక్క గీసినవ్. నేను పువ్వు ఏర్కుంటన్న, అది గూడ ఏర్కుంటాంది. చెట్టుకు గిటు నేను, గటు అది. ఈపు మీద రెండు పిల్లలున్నయ్. నన్ను చూసి అదే ఎక్కువ బుగులుపడ్డది. పిల్లల తల్లి, ఏం చేస్తది?"

ఆ పొద్దుటి గురించి ఆమె నోరు తెరవడం అదే మొదటిసారని తర్వాత తెలిసింది.

"పిల్లల్ని పెట్టు. నోరు ముయ్యి దానిది," అంది. "గోర్లు మాత్రం ఇంక పొడుగు గియ్యి. గోరుకు గోరుకు నడుమ ఎంత పెట్టినవ్?"

"అదే తెలీక చుక్కల గీత పెట్టాను వదినె. ఎక్కడా సరైన కొలత దొరకలేదు."

"గదెందుకు దొరకదు?" అని కొంగు తీసేసింది. చెంప మీద నాలుగు గీతలు, కన్ను ఉండాల్సిన చోటు నుంచి దవడ దాకా ఉన్నాయి. "కొలుసుకో."

నేను స్కేలు అందుకోబోయాను.

"నువ్వు గాదు. ఆయనకియ్యి. నువ్వు రాస్కో."

ఓదెలు స్కేలు తీసుకున్నాడు. ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని, చేయి చాపి స్కేలు ఆమె చెంపకు ఆనించాడు. ముఖం మాత్రం పక్కకే ఉంది. కంటి చివర నుంచి చూసి ఒక అంకె చెప్పాడు. నేను అలవాటుగా ఆ అంకె పైకి పలికి, పెన్సిలు కాగితం మీద పెట్టాను.

"ఆగు, రాయకు," అంది నాతో. తర్వాత అతనితో అంది. "చూడకుంట చదివినవ్. సరిగ్గ చూసి చదువు. ఇంకోని పెండ్లాం గూడ పువ్వు ఏరవోతది."

ఓదెలు స్కేలు కింద పెట్టాడు. రెండు చేతులతో ఆమె గడ్డం పట్టుకుని ముఖాన్ని కిటికీ వెలుతురు వైపు తిప్పాడు. చూశాడు. నాకు తెలిసి మూడు నెలల్లో మొదటిసారి చూశాడు. కళ్లు తుడుచుకున్నాడు, మళ్లీ చూశాడు. ఆమె కదలకుండా కూర్చుంది. అప్పుడు స్కేలు తీసుకుని, మొదటి గీతకూ రెండో గీతకూ మధ్య పెట్టి, సర్వే ఆఫీసులో చదివినట్టు గట్టిగా చదివాడు.

మొదట చెప్పిన అంకె కాదది. నేను పైకి పలికి రాసుకున్నాను. ఇప్పుడు పుస్తకంలో ఎలుగుబంటి పేజీలో, వీపు మీద పిల్లలున్న ఆ బొమ్మ కింద, కొలబద్ద పక్కన ఉన్నది ఆ అంకే.